కెమెరా నొక్కగానే ఫ్లాష్ కొట్టాలంటే: స్టూడియో లైట్లను డిజిటల్ కెమెరాకు కలపడం ఎలా?

కొత్తగా స్టూడియో లైట్లు కొన్నవాళ్లు నాకు ఫోన్ చేస్తే ఎక్కువగా చెప్పే మాట ఇదే: “అన్నా, లైటు ఆన్ అవుతోంది, దాని మీద టెస్ట్ బటన్ నొక్కితే కొడుతోంది, కెమెరాతో తీస్తే మాత్రం కొట్టట్లేదు.” చాలాసార్లు లైటులో లోపం ఉండదు, కెమెరాలోనూ ఉండదు. రెండింటి మధ్య లింకు కుదరక ఫ్లాష్ కొట్టదు. ఆ లింకు ఎలా పనిచేస్తుందో ఒక్కసారి అర్థం చేసుకుంటే ఏ కంపెనీ లైటునైనా ఏ కెమెరాకైనా మీరే కలుపుకోగలరు. కలవకపోతే లోపం ఎక్కడుందో కూడా మీరే పట్టుకోగలరు.

నేను చెప్పేది కరెంటు మీద నడిచే స్టూడియో ఫ్లాష్ గురించి. అంటే 200, 300, 400 వాట్ సెకండ్ల మోనోలైట్లు; సాఫ్ట్‌బాక్సో అంబ్రెల్లానో తగిలించి వాడేవి. ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఎల్ఈడీ లైట్లను కెమెరాకు కలపాల్సిన పనే లేదు.

కెమెరా చేసేది స్విచ్ పని

ఇంటి గుమ్మం పక్కన ఉండే కాలింగ్ బెల్ స్విచ్‌ను గుర్తు తెచ్చుకోండి. నొక్కితే రెండు తీగలు కలుస్తాయి, లోపల బెల్ మోగుతుంది. మోగడానికి కావలసిన శక్తి ఆ స్విచ్‌లోంచి రాదు. కెమెరా కూడా అంతే. పైన ఫ్లాష్ పెట్టుకునే హాట్ షూలో మధ్యన గుండ్రటి పిన్ను ఒకటి, రెండు వైపులా లోహపు పట్టాలు ఉంటాయి. షట్టర్ పూర్తిగా తెరుచుకున్న క్షణంలో కెమెరా ఆ పిన్నునూ పట్టాలనూ లోపల కలుపుతుంది. ఆ సైగ అందగానే ఫ్లాష్ తన కెపాసిటర్‌లో నింపుకున్న కరెంటును ఒక్కసారిగా ట్యూబులోకి వదులుతుంది. ఎంత వెలుగు ఇవ్వాలి అన్నది మాన్యువల్ లైటులో కెమెరాకు తెలియదు. “ఇప్పుడు” అని చెప్పడం వరకే దాని పని.

ఆ “ఇప్పుడు” అనే మాటను లైటు దాకా చేర్చడానికి మూడు దారులున్నాయి: తీగ, వెలుతురు, రేడియో. ఈ రోజు కొత్తగా కొనేవాళ్లకు రేడియో ట్రిగ్గరే (కెమెరా మీద పెట్టే, తీగ లేకుండా సైగ పంపే చిన్న పరికరం) సరైన దారి అని నా గట్టి అభిప్రాయం. అయినా మిగతా రెండూ తెలిసి ఉండాలి. పెళ్లి రిసెప్షన్ మధ్యలో ట్రిగ్గర్ బ్యాటరీ అయిపోయినప్పుడు పని ఆగకుండా చూసేవి అవే.

కలపకముందు రెండు పరీక్షలు

మొదటిది, మీ కెమెరా హాట్ షూ మధ్యలో పిన్ను ఉందో లేదో చూడండి. ఉండకుండా ఎలా ఉంటుంది అనుకోవద్దు. మన దగ్గర చాలామంది కొన్న కెనాన్ 200డి మార్క్ 2 కెమెరాకు ఆ పిన్ను లేదు. 2019లో వచ్చిన ఈ మోడల్‌లో కెనాన్ దాన్ని తీసేసింది. అందువల్ల ఒకే పిన్ను ఉన్న చవక ట్రిగ్గర్లు, పాత ఫ్లాష్‌లు దీని మీద పనిచేయవు. ఈ కెమెరా ఉన్నవాళ్లు కెనాన్ కోసమే తయారైన, అడుగున ఐదు పిన్నులున్న ట్రిగ్గర్ తీసుకోవాలి. అదైనా సరే కొట్టులో మీ కెమెరా మీదే పెట్టించి, నాలుగు ఫొటోలు తీసి చూశాకే డబ్బు ఇవ్వండి.

రెండోది పాత లైట్లు వాడేవాళ్లకు. ఫిల్మ్ రోజుల నాటి ఫ్లాష్‌లు కొన్నింటిలో సింక్ తీగ (లైటును కెమెరాకు కలిపే తీగ) చివర 200 వోల్టులకు పైగా ఉంటుంది. ఆనాటి కెమెరాలో అది ఉత్త లోహపు స్విచ్ కాబట్టి తట్టుకునేది. ఇప్పటి కెమెరాలో ఆ చోట సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగం ఉంది. ఐఎస్ఓ 10330 అనే అంతర్జాతీయ ప్రమాణం 24 వోల్టుల దాకా తట్టుకుంటే చాలంటుంది. నికాన్ తన మాన్యువల్స్‌లో 250 వోల్టులు దాటకూడదని హెచ్చరిస్తుంది. తొలినాళ్ల డిజిటల్ కెమెరాలు కొన్ని 6 వోల్టులకు మించి భరించలేవు. నా మిత్రుడొకరు వాళ్ల నాన్నగారి స్టూడియో లైటును పాత తీగతోనే కొత్త కెమెరాకు తగిలించారు. పది పన్నెండు ఫొటోలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఆ హాట్ షూ మీద ఏ ఫ్లాష్ పెట్టినా కొట్టలేదు. నాన్న వాడిన లైటు, ఆయన గుర్తుగా వాడుకుందామని పెట్టాడు. ఆ రోజు అతని ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఈ విషయంలో ఎవరు అడిగినా ముందు కొలవమంటాను.

కొలవడం కష్టమేమీ కాదు. లైటు ఆన్ చేసి, రెడీ లైటు వెలిగేదాకా ఆగండి. సింక్ తీగను లైటుకు పెట్టి, కెమెరా వైపు చివరను బయటే ఉంచండి. మల్టీమీటర్‌ను డీసీలో అన్నిటికంటే పెద్ద రేంజి మీద పెట్టి, ఒక ప్రోబ్ మధ్య పిన్నుకు, రెండోది బయటి రింగుకు ఆనించండి. రెండు ప్రోబులూ ఒకదానికొకటి తగిలితే ఫ్లాష్ కొడుతుంది కాబట్టి ముఖం లైటుకు ఎదురుగా పెట్టవద్దు. 6 వోల్టుల లోపు వస్తే నిశ్చింతగా వాడుకోండి. 24 లోపు వస్తే మీ కెమెరా మాన్యువల్ చూసుకుని వాడండి. అంతకు మించి వస్తే ఆ లైటును తీగతో కలపనే వద్దు. దానికి వెలుతురు దారి ఉంది, కింద చెబుతాను. రేడియో రిసీవర్ తగిలించాలన్నా, ఆ రిసీవర్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో దాని కాగితంలో చూశాకే.

లైటు నిలబెట్టడం

స్టాండు మూడు కాళ్లూ వెడల్పుగా తీసి, కింద ఇసుక సంచీ వేయండి. పిల్లల ఫొటోలు తీసే చోట ఇది తప్పనిసరి. లైటు ముందున్న ప్లాస్టిక్ మూతను స్విచ్ వేయకముందే తీయండి. మూత ఉండగా మోడలింగ్ ల్యాంప్ (నీడలు ఎలా పడతాయో చూసుకోవడానికి లైటులో వెలుగుతూ ఉండే బల్బు) వెలిగితే వేడికి అది కరుగుతుంది. ట్యూబును వట్టి చేత్తో తాకవద్దు. తర్వాత సాఫ్ట్‌బాక్స్ తొడిగి, లాక్ పడిన శబ్దం వచ్చిందో లేదో చూసుకోండి.

మన కరెంటు 230 వోల్టులు. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడండి. ఏసీ, ఇస్త్రీపెట్టె నడిచే లైను మీదే లైట్లు పెడితే రీసైకిల్ (ఒకసారి కొట్టాక మళ్లీ ఛార్జ్ నిండడం) ఆలస్యం అవుతుంది, ఒక్కో ఫొటోకు వెలుగు మారుతుంది. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఉండే మామూలు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ లైట్లను నడపకండి. ప్యూర్ సైన్ వేవ్ ఉంటేనే.

మొదటి దారి: తీగ

లైటు వెనక “సింక్” అని రాసి ఉన్న రంధ్రం ఉంటుంది. చాలా లైట్లకు అది 3.5 మిల్లీమీటర్ల జాక్, అంటే హెడ్‌ఫోన్‌కు ఉండే సైజు. కొన్నింటికి 6.35 మిల్లీమీటర్ల పెద్ద జాక్. కెమెరా వైపు ఈ తీగ పెట్టడానికి పీసీ సాకెట్ అనే చిన్న రంధ్రం కావాలి. పీసీ అనగానే కంప్యూటర్ అనుకుంటారు గానీ, ప్రాంటర్, కాంపుర్ అనే రెండు జర్మన్ షట్టర్ల పేర్లలోని మొదటి అక్షరాలవి. కెనాన్ 5డి మార్క్ 4, నికాన్ డి850 లాంటి వాటికి పీసీ సాకెట్ ఉంది. కెనాన్ 1500డి, నికాన్ డి3500 లాంటి వాటికి లేదు. లేనివాళ్లు, హాట్ షూలో మధ్య పిన్ను ఉంటే, దాని మీద తొడిగే చిన్న అడాప్టర్ కొనుక్కుంటే సరిపోతుంది.

కలిపేటప్పుడు కెమెరా, లైటు రెండూ ఆఫ్‌లో ఉండాలి. జాక్ పూర్తిగా లోపలికి నొక్కండి, పీసీ వైపు స్క్రూ ఉంటే బిగించండి. తర్వాత రెండూ ఆన్ చేసి ఒక ఫొటో తీయండి. తీగ కలిపేది ఒక్క లైటుకే. రెండో లైటు మొదటి లైటు వెలుగును చూసి తనంతట తానే కొడుతుంది, వెనక స్లేవ్ స్విచ్ (దీని గురించి కింద చెబుతాను) ఆన్‌లో ఉంటే.

తీగతో బ్యాటరీ గొడవ లేదు, ఛానెల్ గొడవ లేదు. కానీ పీసీ సాకెట్ దగ్గర పట్టు ఎప్పుడూ బలహీనమే, కొంచెం కదిలినా వదులవుతుంది. నేలమీద తీగ ఉంటే ఎవరో ఒకరి కాలికి తగులుతుంది. ఒక్కచోట కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీసే స్టూడియోకు తీగ ఇప్పటికీ మంచిదే. చంటిపిల్లల చుట్టూ తిరుగుతూ తీసేవాళ్లకు మాత్రం నేను వద్దనే చెబుతాను.

రెండో దారి: వెలుతురు

చాలా స్టూడియో లైట్ల పైన చిన్న గాజు బుడిపె ఉంటుంది. అది ఫోటోసెల్, వాడుకలో స్లేవ్ అంటాం. ఇంకో ఫ్లాష్ కొట్టిన మెరుపు దాని కంటపడితే ఈ లైటు కూడా కొడుతుంది. అంటే కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్‌తోనే పెద్ద లైటును కొట్టించవచ్చు. కెమెరాకూ లైటుకూ మధ్య ఏ తీగా లేదు కాబట్టి పాత హై వోల్టేజ్ లైట్లకు కూడా ప్రమాదం లేని దారి ఇది.

ఇక్కడ అందరూ పడే చిక్కు ఒకటుంది. కెమెరా ఫ్లాష్ టీటీఎల్‌లో, అంటే ఎంత వెలుగు కావాలో కెమెరాయే లెక్కకట్టే ఆటో పద్ధతిలో ఉంటే అసలు ఫొటోకు ముందు ఒక చిన్న పరీక్ష మెరుపు కొడుతుంది. మన కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. స్లేవ్ మాత్రం ఆ మొదటి మెరుపుకే కొట్టేస్తుంది. షట్టర్ తెరుచుకునే సరికి పెద్ద లైటు ఖాళీ అయిపోయి ఉంటుంది. లైటు కొట్టినట్టు కళ్లారా చూస్తాం, ఫొటోలో మాత్రం వెలుగుండదు. దీనికి రెండు పరిష్కారాలు. కెమెరా ఫ్లాష్‌ను మాన్యువల్‌లో, అది ఇవ్వగల అతి తక్కువ పవర్‌లో పెట్టండి. నికాన్ కెమెరాల్లో లోపలి ఫ్లాష్‌కు ఈ వీలు చాలావరకు మెనూలోనే ఉంది. లేదా లైటు మీద ఎస్1, ఎస్2 అని రెండు స్లేవ్ మోడ్‌లు ఉంటే ఎస్2 పెట్టండి. అది మొదటి మెరుపును వదిలేసి అసలు మెరుపుకు కొడుతుంది. రెడ్ ఐ రిడక్షన్ కూడా ఆఫ్ చేయండి, అది కూడా ముందుగా మెరుపులు కొట్టేదే.

ఆరుబయట ఎండలో స్లేవ్ సరిగా పట్టదు. ఫంక్షన్ హాల్లో అయితే మరీ ఎక్కువగా పడుతుంది. మేనమామ కెమెరా ఫ్లాష్‌కూ, వీడియో వాళ్ల పక్కన నిలబడ్డ ఇంకో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్‌కూ మీ లైటు కొడుతూనే ఉంటుంది. మీరు నొక్కేసరికి అది ఇంకా ఛార్జ్ అవుతూ ఉంటుంది. అలాంటి చోట స్లేవ్ ఆఫ్ చేసి రేడియోకు రండి.

మూడో దారి: రేడియో ట్రిగ్గర్

కెమెరా మీద పెట్టేది ట్రిగ్గర్. లైటు వైపు ఉండేది రిసీవర్. ఇప్పుడు వస్తున్న చాలా లైట్లలో రిసీవర్ లోపలే ఉంటుంది. గోడాక్స్ ఎస్‌కే400 రెండో రకం అలాంటిదే. లేనివాటికి చిన్న డబ్బీలాంటి రిసీవర్‌ను సింక్ జాక్‌కు తగిలించాలి. ట్రిగ్గర్ కొనేటప్పుడు మీ కెమెరా కంపెనీకి సరిపోయేదే కొనండి. ఒకే మోడల్ ట్రిగ్గర్‌కు చివర సి, ఎన్, ఎస్, ఎఫ్ అని అక్షరాలుంటాయి: కెనాన్, నికాన్, సోనీ, ఫ్యూజీ. హాట్ షూ మధ్య పిన్ను ఒకటే చోట ఉన్నా, టీటీఎల్ కోసం చుట్టూ ఉండే చిన్న పిన్నులు ఒక్కో కంపెనీకి ఒక్కో చోట ఉంటాయి. అందుకే ఒకరిది ఇంకొకరికి పెట్టకూడదు. ట్రిగ్గర్ కంపెనీ, లైటు కంపెనీ ఒకటే అయితే లైటు పవర్‌ను కెమెరా మీదనుంచే మార్చుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా రెండూ ఒకటే కంపెనీవి తీసుకోమంటాను. సాఫ్ట్‌బాక్స్ ఎత్తులో ఉన్నప్పుడు ప్రతిసారీ స్టాండు దించి ఎక్కించే శ్రమ తప్పుతుంది.

ఇక కలిపే క్రమం. కెమెరా ఆఫ్, ట్రిగ్గర్ ఆఫ్. ట్రిగ్గర్‌ను హాట్ షూలో ముందు చివరిదాకా తోసి లాక్ చేయండి. సోనీ కెమెరాలు వాడేవాళ్లు ఈ మాట మరోసారి చదవండి. 2012 నుంచి సోనీ వాడుతున్న షూలో సన్నని పిన్నుల వరుస బాగా ముందు భాగంలో ఉంటుంది. ట్రిగ్గర్ కొంచెం వెనక్కి ఉన్నా అవి అందవు. తర్వాత ట్రిగ్గర్, కెమెరా ఆన్ చేయండి.

ఛానెల్ రెండింటిలోనూ ఒకటే ఉండాలి. పెట్టె విప్పగానే చాలా లైట్లు ఛానెల్ 1లోనే ఉంటాయి, ఎవరూ మార్చరు. పక్క మండపంలో ఇంకో టీమ్ కూడా అదే కంపెనీ ట్రిగ్గర్ వాడుతుంటే వాళ్లు నొక్కితే మీ లైటు కొడుతుంది. అందుకని ఏ 11నో 17నో పెట్టుకోండి. ఐడీ అని ఇంకో అంకె అడిగే ట్రిగ్గర్ అయితే అది కూడా రెండింటిలో ఒకటే పెట్టాలి. ఇవి 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, వైఫై కూడా అక్కడే ఉంటుంది. మధ్యమధ్యలో మిస్ అవుతుంటే ఛానెల్ మార్చి చూడండి.

తర్వాత గ్రూపు. ముఖం మీద పడే లైటును “ఏ” (A) గ్రూపులో, బ్యాక్‌గ్రౌండ్ లైటునో జుట్టు లైటునో “బీ” (B) గ్రూపులో పెట్టండి. అప్పుడు ఒకదాన్ని తగ్గిస్తే ఇంకోటి కదలదు. రెండూ మాన్యువల్‌లో, 1/8 పవర్‌తో మొదలుపెట్టండి.

ట్రిగ్గర్ మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కండి. రెండు లైట్లూ కొట్టాలి. కెమెరాతో తీసి చూసే ముందే ఈ పరీక్ష చేయండి.

ఒక చిన్న సంగతి, దీనివల్ల చాలామంది లైటు పాడైందని సర్వీసుకు పంపుతారు. ట్రిగ్గర్ లైటుకు మరీ దగ్గరగా ఉన్నా కొన్నిసార్లు కొట్టదు. గోడాక్స్ ట్రిగ్గర్లలో దూరం 0 నుంచి 30 మీటర్లు, 1 నుంచి 100 మీటర్లు అని రెండు సెట్టింగులుంటాయి. చిన్న గదిలో, టేబుల్ మీద వస్తువుల ఫొటోలు తీసేటప్పుడు 0 నుంచి 30 పెట్టండి.

కెమెరాలో మార్చవలసినవి

మోడ్ ఎం, అంటే మాన్యువల్. ఆటో వద్దు, అపర్చర్ ప్రయారిటీ కూడా వద్దు. గదిలో ఉన్న మసక వెలుతురును చూసి కెమెరా తనంతట తాను షట్టర్ తగ్గించేస్తుంది. ఫ్లాష్ రాబోతోందని దానికి తెలియదు.

ఆటో ఐఎస్ఓ ఆఫ్ చేసి 100 పెట్టండి. ఎం మోడ్‌లో ఉన్నాను కదా అనుకుని దీన్ని మర్చిపోయేవాళ్లు ఎందరో. గది చీకటిగా ఉందని కెమెరా ఐఎస్ఓను 3200కు లేపుతుంది, ఫ్లాష్ కొడుతుంది, ఫొటో తెల్లకాగితంలా వస్తుంది.

సైలెంట్ షట్టర్, ఎలక్ట్రానిక్ షట్టర్ ఆఫ్ చేయండి. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో అవి ఆన్‌లో ఉంటే ఫ్లాష్ కొట్టనే కొట్టదు. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో స్క్రీన్ చూసి తీసేవాళ్లు “సైలెంట్ లైవ్ వ్యూ షూటింగ్” అనే ఆప్షన్ ఉంటే దాన్ని డిసేబుల్ చేయాలి. అది మోడ్ 1లోనో 2లోనో ఉంటే వేరే కంపెనీ ఫ్లాష్‌లు పనిచేయవు. కెనాన్ మెనూలోనే “ఫ్లాష్ ఫైరింగ్” అని ఇంకోటి ఉంటుంది, అది ఎనేబుల్‌లో ఉండాలి.

మిర్రర్‌లెస్ వాళ్లకు ఇంకో ఇబ్బంది. సెట్టింగులన్నీ సరిగ్గా పెట్టాక వ్యూఫైండర్‌లో మనిషి కనిపించడు, అంతా నలుపు. కెమెరా చెడిపోలేదు. ఫ్లాష్ లేకుండా ఫొటో ఎలా వస్తుందో చూపిస్తోంది. ఆ ప్రివ్యూ ఆపేయాలి. సోనీలో లైవ్ వ్యూ డిస్‌ప్లేను “సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్” చేయండి. కెనాన్ ఆర్ కెమెరాల్లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ డిసేబుల్. నికాన్ జెడ్6లో “అప్లై సెట్టింగ్స్ టు లైవ్ వ్యూ” ఆఫ్. బయట ఎండలో తీసేటప్పుడు మళ్లీ ఆన్ చేసుకోవడం మర్చిపోకండి.

వైట్ బ్యాలెన్స్ ఫ్లాష్ గుర్తు మీదో 5600 కెల్విన్ మీదో పెట్టి వదిలేయండి. ఆటోలో పెడితే చీర రంగు మారినప్పుడల్లా ముఖం రంగు కూడా మారుతుంది.

ఫొటోలో నల్ల పట్టీ ఎందుకొస్తుంది?

మన కెమెరాల్లో షట్టర్ అంటే రెండు తెరలు. మొదటి తెర జరిగి సెన్సర్‌ను తెరుస్తుంది, రెండో తెర వెనకే వచ్చి మూస్తుంది. నెమ్మది స్పీడులో మొదటిది పూర్తిగా జరిగాక, రెండోది బయలుదేరేలోపు సెన్సర్ మొత్తం తెరిచి ఉండే క్షణం ఒకటుంటుంది. ఫ్లాష్ అప్పుడే కొట్టాలి. స్పీడు పెంచితే ఆ క్షణం ఉండదు. రెండు తెరల మధ్య సన్నని సందు మాత్రమే సెన్సర్ మీదుగా కదులుతుంది. స్టూడియో ఫ్లాష్ మెరుపు 1/800 నుంచి 1/2000 సెకండు లోపే అయిపోతుంది. ఆ కాస్త సమయంలో సందు ఎక్కడుంటే అక్కడే వెలుగు, మిగతాది నలుపు.

సెన్సర్ మొత్తం తెరిచి ఉండే ఆ గరిష్ఠ వేగమే సింక్ స్పీడు. కెనాన్ 1500డి, 200డి మార్క్ 2, నికాన్ డి3500, నికాన్ జెడ్6లకు అది 1/200. కెనాన్ 6డికి 1/180. నికాన్ డి850, సోనీ ఆల్ఫా 7 మార్క్ 3లకు 1/250. ఇవి కంపెనీ చెప్పే అంకెలు. రేడియో ట్రిగ్గర్ తనవంతుగా కాస్త ఆలస్యం చేస్తుంది కాబట్టి చవక ట్రిగ్గర్‌తో ఇవి అందకపోవచ్చు.

మీ సొంత అంకెను మీరే తేల్చుకోండి, ఐదు నిమిషాల పని. తెల్లగోడ మీదికి లైటు పెట్టి, 1/100, 1/125, 1/160, 1/200, 1/250లలో ఒక్కో ఫొటో తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే ఏదో ఒక చోట అంచున నీడలాంటి పట్టీ మొదలవుతుంది. దానికంటే ఒక మెట్టు కింద ఉన్నదే మీ హద్దు. నేను స్టూడియోలో ఎప్పుడూ 1/125 మీదే ఉంటాను. అంతకంటే పెంచితే ఫ్లాష్ వెలుగేమీ మారదు, ఎందుకంటే మెరుపు షట్టర్ కంటే చాలా ముందే ముగిసిపోతుంది. షట్టర్ మార్చేది గదిలో ఉన్న ట్యూబులైటు, కిటికీ వెలుగులనే. ఫ్లాష్ వెలుగును మార్చాలంటే అపర్చర్, ఐఎస్ఓ, లైటు పవర్, లైటు దూరం, ఈ నాలుగే.

మొదటి ఫొటో

1/125, ఎఫ్8, ఐఎస్ఓ 100 పెట్టి, ట్రిగ్గర్ ఆఫ్ చేసి ఒక ఫొటో తీయండి. దాదాపు నల్లగా రావాలి. రాకపోతే గదిలోని వెలుగు కలుస్తోందన్నమాట. కర్టెన్ వేయండి, ట్యూబులైటు ఆపండి. ఇప్పుడు ట్రిగ్గర్ ఆన్ చేసి, “ఏ” (A) గ్రూపు లైటు ఒక్కటే ఉంచండి. మనిషి ముఖానికి 45 డిగ్రీల పక్కగా, కళ్లకంటే కొంచెం ఎత్తులో, మీటరు నుంచి మీటరున్నర దూరంలో పెట్టి తీయండి. వెలుగు ఎక్కువైతే 1/8 నుంచి 1/16కు దించండి. పాత లైట్లలో పవర్ తగ్గించాక ఒకసారి టెస్ట్ బటన్ నొక్కాలి, లేకపోతే ముందు నిండిన ఛార్జ్ అలాగే ఉండి మొదటి ఫొటో తెల్లబడుతుంది. తక్కువైతే 1/4.

లైటును దూరం జరిపితే వెలుగు మనం అనుకునేదానికంటే చాలా వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. మీటరు దూరంలో ఎఫ్8 సరిపోయిన లైటు రెండు మీటర్లకు వెళ్తే ఎఫ్4 కావాలి.

కెమెరాలో హైలైట్ అలర్ట్ (మరీ తెల్లబడిన చోట్లను మినుకుమనిపించే సెట్టింగ్) ఆన్ చేసుకుని, తెల్ల పంచె, జరీ అంచు, బంగారం ఎక్కడైనా మినుకుమినుకుమంటుందేమో చూడండి. ఓణీల ఫంక్షన్ ఫొటోల్లో ముఖం బాగా వచ్చిందని సంతోషపడి, అమ్మాయి హారం మొత్తం తెల్లముద్ద అయిపోయిన సంగతి ఇంటికొచ్చాక చూసుకుంటే ఇక చేసేదేమీ లేదు. ఒక లైటు పూర్తిగా కుదిరాకే రెండోది ఆన్ చేయండి. రెండూ కలిపి మొదలుపెడితే ఏ తప్పు ఏ లైటుదో తెలియదు.

అమెరికా వీసా ఫొటోలు తీసే స్టూడియో వాళ్లకు ఒక మాట. 2 అంగుళాల చదరపు ఫొటో, తెల్లని బ్యాక్‌గ్రౌండ్, నీడ ఉండకూడదు. రెండు లైట్లను చెరోవైపు 45 డిగ్రీల్లో సమానమైన పవర్‌తో పెట్టి, మనిషిని గోడకు మీటరున్నర ముందుకు కూర్చోబెడితే చెవుల వెనక నీడ గోడ మీద పడదు.

అయినా కొట్టకపోతే

అన్నీ ఒకేసారి పీకి పెట్టకండి. లైటు వైపు నుంచి కెమెరా వైపు ఒక్కో మెట్టు రండి. లైటు మీద టెస్ట్ నొక్కండి. కొట్టకపోతే సమస్య లైటుదే: ఫ్యూజు, ట్యూబు, లేదా వేడెక్కి ఆగి ఉంటుంది. కొడితే ట్రిగ్గర్ మీద టెస్ట్ నొక్కండి. కొట్టకపోతే ఛానెల్, ఐడీ, బ్యాటరీ, లైటులో వైర్‌లెస్ ఆన్ ఉందో లేదో చూడాలి. తీగ వాడుతుంటే, 6 వోల్టుల లోపే అని కొలిచిన లైటుకు మాత్రం, తీగ చివర పిన్నునూ రింగునూ ఒక పేపర్ క్లిప్పుతో తాకించండి. కొడితే తీగ బాగుంది. ట్రిగ్గర్ టెస్ట్‌కు కొట్టి, షట్టర్ నొక్కితే కొట్టకపోతే సమస్య కెమెరాకూ ట్రిగ్గర్‌కూ మధ్యే: సరిగా లోపలికి తోయలేదు, సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంది, లేదా షూ మీద మురికి. పిన్నును పొడిబట్టతో తుడవండి. పోకపోతే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిని ఊదేయండి.

నాలుగు ఫొటోలకు ఒకటి మిస్ అవుతుంటే మీరు లైటు కంటే వేగంగా తీస్తున్నారని అర్థం. రెడీ బీప్ ఆన్ చేసుకుని, బీప్ వినిపించాకే నొక్కండి. కాసేపు ఆగాక తీసే మొదటి ఫొటో మాత్రమే మిస్ అవుతుంటే ట్రిగ్గర్ నిద్రలోకి వెళ్తోంది; షట్టర్‌ను సగం నొక్కి లేపండి, లేదా మెనూలో స్లీప్ టైం పెంచండి.

ఏం జరిగినా లైటు పెట్టెను మాత్రం విప్పవద్దు. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కొన్ని వందల వోల్టులు నిలిచి ఉంటాయి, అవి ప్రాణం తీయగలవు. దాన్ని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

సర్దేటప్పుడు

ముందు ట్రిగ్గర్ ఆఫ్. తర్వాత లైటు పవర్ అతి తక్కువకు దించి, టెస్ట్ నొక్కి, స్విచ్ ఆపి, చివరన ప్లగ్ తీయండి. మోడలింగ్ ల్యాంప్ చల్లారడానికి పది నిమిషాలు ఆగి అప్పుడు మూత పెట్టండి. తీగను మోచేతికి బిగించి చుట్టకండి, వదులుగా గుండ్రంగా చుట్టండి. జాక్ దగ్గర మెలికపడిన తీగే ముందు తెగుతుంది. వారం పదిరోజులు పని లేదంటే ట్రిగ్గర్, రిసీవర్‌లోంచి బ్యాటరీలు తీసి బ్యాగులో విడిగా పెట్టండి. కారిన బ్యాటరీ స్ప్రింగులను తినేస్తుంది.